రెండు పట్టీల మనిషి

"ఈ గురువులు ఎవరు? ఈ ఎలీయాజరు ఎవరు?" అని అడిగాడు వకీలు తపన్ సర్ఖేల్, రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి.

కలకత్తా భవానీపూర్‌లో ఒక మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఆయన గది. ఎదురుగా కూర్చున్న సురేష్ బాబుకు ఆ ప్రశ్న వినగానే చిరునవ్వు వచ్చింది. లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళ పాటు బోగీల ఇరుసులను శబ్దతరంగాలతో పరీక్షించి, లోపల పగులు ఉన్నదీ లేనిదీ తేల్చి, జనవరిలో పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. పైకి నున్నగా మెరిసే ఇనుమును చూసి మోసపోకపోవడమే ఆయన వృత్తి. అటువంటి వాడికి ఇదొక పరీక్ష అనిపించలేదు.

"ఇద్దరూ ఒక్కరే, దాదా," అన్నాడు బెంగాలీలో. "హాజరు పట్టీలో గురువులు, సంఘం పట్టీలో ఎలీయాజరు. మా తెలుగువాళ్ళలో పాతతరం వాళ్ళకు సగం మందికి రెండేసి పేర్లు. శ్రీకాకుళం నుంచి వచ్చి కార్పొరేషన్ పనిలో చేరిన రోజు మేస్త్రీకి చెప్పిన పేరు ఒకటి. తరవాత బాప్తిస్మం తీసుకున్న రోజు పాస్టరుగారు పెట్టిన పేరు ఇంకొకటి."

సర్ఖేల్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "మీకు తెలుసు. బ్యాంకుకు తెలియదు. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో గార్డెన్ రీచ్‌లో ఇల్లు కొన్నది గురువులు. రెండు వేల మూడులో చనిపోయింది ఎలీయాజరు. మీకు ఇల్లు అమ్ముతున్నది ఎలీయాజరు కోడలు, మనవడు. మరి గురువులు ఎక్కడికి పోయాడు? కాగితాల ప్రకారం ఆయన ఇంకా బతికే ఉన్నాడు."

"రుజువు తెస్తాను."

"తెండి. ఇంకొకటి కూడా తేలాలి. పోయిన మనిషి హిందువా, క్రైస్తవుడా? వారసులెవరో ఏ చట్టం ప్రకారం లెక్కకట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. ఆ మాట రాయకుండా నా రిపోర్టు పూర్తికాదు."

లేవబోతూ సురేష్ బాబు, మర్యాదకోసమన్నట్టు, "మా తరఫున మీరే కాస్త చూసుకోవాలి," అన్నాడు.

సర్ఖేల్ ఆయనను ఒక క్షణం జాలిగా చూశాడు. "మీరు నా ఫీజు కట్టారు, నిజమే. కాని నేను మీ వకీలును కాను, బ్యాంకు వకీలును. మీరు మునిగినా బ్యాంకు తేలాలి. అది చూడడమే నా పని. మీ ఒప్పందం రాసిన వకీలు ఎవరు?"

వకీలు ఎవరూ లేరు. ఆ ఒప్పందాన్ని రాసింది హారాధన్ అనే మొహురీ, అంటే కోర్టు వరండాలో కూర్చుని కాగితాలు రాసిపెట్టే గుమాస్తా. అతణ్ణి తీసుకొచ్చింది అమ్మేవాళ్ళే. కొనేవాళ్ళ పక్షానా అతనే రాశాడు. "మన వకీలును మనం పెట్టుకోవాలి నాన్నా," అని కూతురు షెకైనా రెండుసార్లు చెప్పింది. అమ్ముతున్న మేరీరాణి ప్రతి ఆదివారం తన భార్య రోజమ్మ పక్కనే కూర్చుని పాటలు పాడే మనిషి. మనవాళ్ళ మధ్య వకీలేమిటని ఆయన ఆ మాటను కొట్టిపారేశాడు. ఇరుసును ఏనాడూ కంటిచూపుతో నమ్మని మనిషి ఒప్పందాన్ని మాత్రం ముఖాలు చూసి నమ్మాడు.

సర్ఖేల్ ఆ ఒప్పందంలో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాడు. తొంభై రోజుల లోగా కొనుగోలుదారు మిగతా సొమ్ము చెల్లించని యెడల, కారణము ఏదైనను, బయానా తిరిగి ఇవ్వబడదు.

"కారణం ఏదైనా," అని మళ్ళీ చదివాడు ఆయన. "బ్యాంకు అప్పు ఇవ్వకపోయినా సరే. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి మీకు."

మెట్లు దిగుతూ సురేష్ బాబు తన పరిస్థితిని మనసులో పేర్చుకున్నాడు. మే నెలాఖరుకు రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. చేయకపోతే దండగ అద్దె పడుతుంది. అంతకన్నా ముఖ్యం, క్వార్టరు తాళాలు అప్పగిస్తే గాని గ్రాట్యుటీ చేతికి రాదు. ఇల్లు కొనాలంటే గ్రాట్యుటీ కావాలి, గ్రాట్యుటీ రావాలంటే ముందు వేరే ఇంట్లో చేరాలి. బ్యాంకు అప్పు షెకైనా పేరున. ఆ అప్పు వస్తేనే ఈ గుండ్రటి చిక్కు ఒకచోట తెగుతుంది. దానికి కావలసిందల్లా ఒక చచ్చిపోయిన మనిషి ఒక్కడేనని నిరూపించడం.

ఆ ఆదివారమే సంఘం కార్యదర్శి పాత రిజిస్టరు తీసి చూపించాడు. చెదలు అంచులు తిన్నా అక్షరాలు చెక్కుచెదరలేదు. *ఎలీయాజరు, పూర్వనామము గురువులు, కార్పొరేషను ఉద్యోగి, బాప్తిస్మము 1979.* అడుగున సమాధి చేసిన తేదీ కూడా ఉంది. ఒకే పేజీలో రెండు పేర్లూ, బాప్తిస్మమూ, చావూ. ఇంత శుభ్రమైన రుజువు ఆయనకు వర్క్‌షాపులో కూడా ఎప్పుడూ దొరకలేదు. అక్కడే నిలబడి ఫొటో తీసి, కింద ఇంగ్లీషులో అర్థం రాసి, సర్ఖేల్‌కు పంపించాడు. టీ తాగేలోపే జవాబు వచ్చింది: *చాలా బాగుంది. రిపోర్టులో చేరుస్తాను. వారసుల అఫిడవిట్ పంపండి.*

ఆ సాయంత్రం ఆయన ఉత్సాహంగా గార్డెన్ రీచ్ బస్సెక్కాడు.

నౌకల కార్ఖానా గోడ వెనక వీధిలో ఆ ఇల్లు. కింద ఒక గది, వంటిల్లు, పైన ఒక గది, చిన్న వరండా. మేరీరాణి యాభై దాటిన విధవ, మోకాళ్ళ నొప్పులు. ఆమె కొడుకు ప్రవీణ్‌కుమార్ తాత పనిచేసిన కార్పొరేషన్‌లోనే, ఆఫీసులో గుమాస్తా. పై గదికి ఎక్కలేని తల్లికోసం మహేశ్‌తలాలో లిఫ్టు ఉన్న ఫ్లాటు చూసుకుని ఈ ఇల్లు అమ్ముతున్నారు.

"రా అన్నయ్యా, కూకో. అయిందేటి పని?" అంది మేరీరాణి.

"అయినట్టే సెల్లీ. నువ్వూ, బాబూ ఒక్క సంతకం పెడితే సాలు." ఆయన ఫోను తీసి ఫొటో చూపించాడు. "ఇదిగో, మీ మావగారు. రెండు పేర్లూ ఒక్క పేజీలో."

మేరీరాణి ఫోను చేతిలోకి తీసుకోలేదు. కొడుకు వైపు చూసింది. ప్రవీణ్‌కుమార్ బూటు విప్పుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"మాఁవయ్యా, ఈ ఫొటో వకీలుకి పంపలేదు గదా?"

"పొద్దున్నే పంపీసినాను. ఏటి?"

"ఏటా? నా నౌకరీ ఏ కాగితం మీద వొచ్చిందో నీకు తెలీదేటి?"

సురేష్ బాబుకు తెలుసు. తెలిసీ ఎన్నడూ ఆలోచించని విషయాలలో అదొకటి. ప్రవీణ్ ఉద్యోగం షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినది. చట్టం ప్రకారం క్రైస్తవంలోకి మారిన కుటుంబానికి ఆ కేటాయింపు వర్తించదు. కాగితాల్లో వాళ్ళది హిందూ కుటుంబం. మేరీరాణి ఆధార్ కార్డులో ఉత్త రాణి. సంఘంలో ఇటువంటి ఇళ్ళు ఏడెనిమిది ఉన్నాయి. వార్షికోత్సవం నాడు గ్రూపు ఫొటోకు అందరూ వరసలు కట్టే వేళకు, ఆ ఇళ్ళ మగవాళ్ళు "టీ అయిందేమో సూసొస్తాం" అంటూ మెల్లగా జారుకునేవారు. "ఈళ్ళకి టీ మీద ఎంత ప్రేమో!" అని సురేష్ బాబే ఎన్నోసార్లు హాస్యమాడాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వులో ఒక మర్యాద ఉందనీ, చూసీ చూడనట్టుండడం అక్కడ అందరూ పాటించే నియమమనీ ఆయనకు ఇప్పుడు బోధపడింది.

"నిజం సెప్పినాను గదా బాబూ," అన్నాడు, గొంతు తగ్గించి.

"నిజం సెప్పడానికి నీకేటి కర్సు?" ప్రవీణ్ లేచి నిలబడ్డాడు. "తాత రెండు పట్టీలూ దేనికాడికి ఏరేగా ఉంచీసి బతికినాడు. నాన్న అలగే ఎల్లదీసినాడు. నువ్వొచ్చి రెండూ కలిపి కుట్టీసినావు. మనవడు ఎవడో, తాత ఎప్పుడు మతం మారినాడో, అన్నీ ఒక్క రిపోర్టులో. రేపు ఆఫీసులో నా మీద పడి ఏడిసేవోడి సేతిలో అది పడితే?"

"బ్యాంకు రిపోర్టు బ్యాంకులోనే ఉంటాది."

"రూలేటైనా ఉన్నాదా అలగ?"

ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తెలియనిదాన్ని తెలుసనడం సురేష్ బాబుకు అలవాటు లేదు.

"అయితే ఒప్పందం రద్దు సేసుకుందాం," అన్నాడు చివరికి. "నా బయానా నాకిచ్చీండి. ఎవుల దారి ఆళ్ళది."

మేరీరాణి చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది. "ఎక్కడున్నాది అన్నయ్యా? మహేశ్‌తలా బిల్డరుకి కట్టీసినాం. ఆడు రాసిన కాయితంలోనూ ఇదే మాట, ఎనక్కి ఇవ్వనని. ఆడికీ హారాధనే రాసినాడు."

అంత బాధలోనూ సురేష్ బాబుకు హారాధన్ మీద ఒక రకమైన గౌరవం కలిగింది. ఒక్క వాక్యంతో ఇంతమందిని కట్టేయగలిగినవాడు సామాన్యుడు కాదు.

అదే హారాధన్ ఉపాయం కూడా చెప్పాడు. ప్రవీణ్ అతనికి అక్కడికక్కడే ఫోను చేసి, విన్నది తెలుగులో చెప్పాడు. "ఎలీయాజరు డాక్‌నామ్ అని రాసీమంటున్నాడు. బెంగాలోళ్ళకి అందరికీ ఇంట్లో పిలిసే పేరొకటి, బయట పేరొకటి గదా. ఖోకన్, బుడో, అలగే ఎలీయాజరు. మతం అని ఉన్నకాడ హిందువు. సాచ్చికం ఆయనే తెస్తాడంట. పొద్దున్న పంపిన ఫొటో పొరపాటు, అది ఏరే మనిసిదని వకీలుకి నువ్వు సెప్పాలంట."

"పదేళ్ళు సంఘపెద్దగా సేసినోడికి ముద్దుపేరు ఎలీయాజరా!"

"నవ్వకు మాఁవయ్యా. నాకు నవ్వు రావట్లేదు."

నిజానికి సురేష్ బాబు కూడా నవ్వలేదు. ఆ గదిలో ఫ్యాను కింద కూర్చుని, ఆ అబద్ధాన్ని ఇరుసును చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు. పైకి పగులు కనపడదు. నాలుగేళ్ళు, పదేళ్ళు నడుస్తుంది. విరిగిన రోజు ఎవరు దాని మీద ఉంటారన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు మర్నాడు లిలువా క్వార్టరులో షెకైనా చెప్పింది. ఆమె ఒక రక్తపరీక్షల కేంద్రంలో రిపోర్టులు రాసే ఉద్యోగి. వయసు ఇరవై ఏడు. తండ్రి చెప్పినదంతా ఓపికగా విని, బిస్కట్ సగం కొరికి పక్కన పెట్టింది.

"నాన్నా, ఆ అఫిడవిట్ అబద్ధమని తర్వాత తేలిందనుకో. ఇల్లు పోతుంది. లోన్ పోదు. ఇరవై ఏళ్ళు నేనే కట్టాలి, లేని ఇంటికి."

"తేలకపోతే?"

"తేలకపోతే అని నువ్వంటున్నావా? నువ్వు?"

ఆయన తల దించుకున్నాడు.

రోజమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఇంటికోసం ఆమె మూడు శుక్రవారాలుగా ఉపవాస ప్రార్థన చేస్తోంది. భర్త ప్రార్థనలు చేయడు, చేసేవాళ్ళను ఆపడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో సాగుతున్న సంధి అది.

"దేవుడు దారి సూపిస్తాడు," అంది ఆమె.

"ఏటని అడుగుతున్నావు రోజా? మనకి ఇల్లు రావాలనా, ఆ గుంటడి నౌకరీ ఉండాలనా? రెండూ ఒక్క అర్జీలో పట్టవు."

రోజమ్మ గోడ వారన నిలబడింది. మేరీరాణి గొంతు ఆమెకు తెలుసు, పాటలో ఎక్కడ శ్రుతి తప్పుతుందో కూడా తెలుసు. "ఆడి నౌకరీ మనవల్ల పోతే," అంది చివరికి, "నాను ఆ బల్ల మీద మేరమ్మ పక్కని ఎలగ కూకుంటాను?"

"మరి ఇల్లు?"

"కప్పకీ పాముకీ మజ్జిన పడ్డాం. మింగమంటే ఒకరికి కోపం, ఇడవమంటే ఇంకొకరికి. మీరు సదువుకున్నోరు, మీరే సూడండి." ఆ మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సదువుకున్నవాడు ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాడు. నిజం ముందుకు వెళితే ప్రవీణ్ మునుగుతాడు. అబద్ధం ముందుకు వెళితే షెకైనా. ఏదీ వెళ్ళకపోతే తాము ముగ్గురూ జూన్ ఒకటో తారీకున వీధిలో ఉంటారు, జీవితమంతా దాచిన సొమ్ము మహేశ్‌తలా బిల్డరు దగ్గర ఉంటుంది. నాలుగో దారి ఉందేమోనని వెతికాడు. ఉండి తీరాలన్న నియమమేదీ లేదు. కొన్ని సమీకరణాలకు సాధన ఉండదు. అది తరగతి గదిలో తెలుసుకోవడం తేలిక.

ఫోను మోగింది. సర్ఖేల్ గుమాస్తా. రిపోర్టు రాయడం అయిపోయిందట, ఎల్లుండి బ్యాంకుకు వెళుతుందట, అఫిడవిట్ ఇంకా ఎందుకు రాలేదని అడిగాడు.

మర్నాడు ఉదయం సురేష్ బాబు భవానీపూర్ మెట్లు మళ్ళీ ఎక్కాడు. చేతిలో షెకైనా సంతకం చేసిన ఒక కాగితం ఉంది.

"ఆ రిపోర్టు బ్యాంకుకు వెళ్ళకుండా ఉండాలంటే ఏం చేయాలి, దాదా?"

సర్ఖేల్ ఆశ్చర్యపోయాడు. "అప్పు దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. అప్పుడు నా రిపోర్టుకు పనే లేదు. కాని సురేష్ బాబూ, రుజువు మీరే తెచ్చారు. మంచి రుజువు. బయానా పోతుందని తెలుసు గదా?"

"తెలుసు."

"మరి కారణం?"

ఆయన కాగితం ముందుకు జరిపాడు. *వ్యక్తిగత కారణముల వలన.* ఇరుసును తిరస్కరించినప్పుడల్లా ఏ లోతున, ఎంత పొడవున పగులుందో రాసి సంతకం పెట్టిన చెయ్యి ఆయనది. ఇటువంటి వాక్యం ఎవరైనా రాసి తెస్తే వర్క్‌షాపులో చింపి అవతల పారేసేవాడు.

"ఆ ఫొటో," అన్నాడు, "మీ ఫోనులో ఉంది. తీసేస్తారా?"

"మూడు వేల ఫొటోలున్నాయి ఇందులో. ఎవడి తాత ఎవడో నాకు గుర్తుంటుందా?" సర్ఖేల్ నవ్వి, ఫోనును బల్ల మీద బోర్లించాడు. తీసేయలేదు. సురేష్ బాబు ఇంకొంతసేపు నిలబడ్డాడు. ఈలోగా వేరే క్లయింటు వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తరవాతి ఏర్పాటు కూడా హారాధన్ చేతి చలవే. మిగతా సొమ్ము లేక మేరీరాణి మహేశ్‌తలాకు పోలేదు, బయానా రాక సురేష్ బాబు ఇంకెక్కడికీ పోలేడు. కాబట్టి ఆ బయానానే సెలామీ అనుకోమన్నాడు హారాధన్. కలకత్తాలో అదొక పాత ఆచారం. ఇంటివాడికి ఒక్కసారిగా పెద్ద మొత్తం సమర్పించుకుంటే, నామమాత్రపు అద్దెకు ఎన్నేళ్ళయినా ఉండవచ్చు. ఇంటివాడు కదిలించలేడు. ఉన్నవాడికి ఇల్లు ఎన్నటికీ సొంతం కాదు. వదిలిపోతే సెలామీ తిరిగి రాదు. దానికి రసీదు కూడా ఉండదు.

"రసీదు లేకుండానా?" అన్నాడు సురేష్ బాబు.

"నమ్మకం, దాదా, నమ్మకం," అన్నాడు హారాధన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని.

పై గదీ, వరండా సురేష్ బాబుకు. కింద గదీ, వంటిల్లూ మేరీరాణికి. మెట్లూ, కుళాయీ ఇద్దరికీ.

"గ్రాట్యుటీ వచ్చాక వేరే ఇల్లు వెతుకుదాం నాన్నా," అంది షెకైనా. ఆయన తల ఊపాడు. ఆ మాట విన్న ప్రవీణ్ తరవాత ఆయనను పక్కకు పిలిచాడు.

"ఎక్కడికీ ఎల్లకు మాఁవయ్యా," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. "ఆ పేజీనీ మా ఇంటి కాయితాన్నీ కలిపి సూసినోళ్ళు నువ్వూ, ఆ వకీలూ. వకీలుని నానేటీ సెయ్యలేను. నువ్వు మా ఇంట్లో ఉంటే నాకు నిద్దర పడతాది."

"నన్ను నమ్మవేటి?"

"నమ్ముతాను. అందుకే ఉండమంటున్నాను."

మే ముప్పైన సామాను వచ్చింది. గిన్నెలు, మంచాలు, షెకైనా పుస్తకాలు అన్నీ పైకి చేరాయి. మిగిలింది రోజమ్మ ఇనప బీరువా. కింద గదిలో పెడదామంటే అక్కడ మేరీరాణి బీరువా ఉంది. సురేష్ బాబు పైనుంచీ, ప్రవీణ్ కిందనుంచీ పట్టుకుని ఎత్తారు. మలుపు దగ్గర బీరువా ఒక మూల గోడను, ఇంకో మూల కటకటాలను పట్టుకుని నిలిచిపోయింది.

"కొంచెం ఎడంకి మాఁవయ్యా."

"ఎడం లేదురా. నువ్వే దించు."

"దించితే నా కాలి మీద పడతాది."

వరండాలోంచి రోజమ్మ కేకేసింది. "ఏటైందండీ?"

కింద మేరీరాణి బకెట్టు పట్టుకుని కుళాయికి పోవాలని నిలబడి ఉంది. దారి మెట్ల మొదట్లోంచే, అక్కడ ప్రవీణ్ అడ్డంగా ఉన్నాడు. ఆమెకు దారి లేదు, పైవాళ్ళకు దిగే వీలు లేదు. సురేష్ బాబు అరచేతులు చెమటకు జారుతున్నాయి. గోడకూ బీరువాకూ మధ్య ఎన్ని అంగుళాలున్నాయో ఆయన కళ్ళతోనే కొలిచాడు. ముందే టేపుతో కొలవవలసింది.

"ఉండు," అన్నాడు ఎవరితోనో, భార్యతోనో, ప్రవీణ్‌తోనో. "పట్టుకునే ఉండు. వదిలీకు."